1952 ఆల్విస్ టీఏ 21 డ్రాప్‌హెడ్ అమ్మకానికి ఉంది. చూడ్డానికి వెళ్ళేముందు ఏం తెలుసుకోవాలి?

మిల్టన్‌కీన్స్_వాసి:

అందరికీ నమస్తే. ఆల్విస్ కంపెనీ 1952లో చేసిన టీఏ 21 ఒకటి అమ్మకానికి వచ్చింది. టిక్‌ఫర్డ్ వాళ్ళు బాడీ కట్టిన డ్రాప్‌హెడ్, అంటే టాపు దించుకునే రకం. ముదురు ఆకుపచ్చ రంగు, లోపల లేత గోధుమరంగు తోలు సీట్లు, నల్ల టాపు. మూడు లీటర్లు, ఆరు సిలిండర్లు, నాలుగు గేర్లు. ప్రకటనలో "పూర్తిగా రీస్టోర్ చేసిన బండి" అని రాశారు. అడుగుతున్నది నలభై వేల పౌండ్లకి కాస్త తక్కువ. అమ్మేది డీలరే గానీ, ఓనరు తరఫున అమ్మిపెడుతున్నామని చెప్పారు.

జాగ్వార్లూ బెంట్లీలూ ఉండగా ఇదెందుకని మా ఆవిడ అడిగింది. దీని బాడీ కట్టిన న్యూపోర్ట్ ప్యాగ్నెల్ మాకు పక్కనే. పిల్లాణ్ణి ఈతకి తీసుకెళ్ళేది టిక్‌ఫర్డ్ స్ట్రీట్ మీదుగానే. ఈ ఊళ్ళో పుట్టిన బండి ఈ ఊళ్ళోనే తిరగాలని నాకు చాలా గట్టిగా ఉంది. పైగా ఆ ముందు భాగం, పొడుగాటి బానెట్టు, రెండు పక్కలా జారే మడ్‌గార్డులు చూస్తే కళ్ళు తిప్పుకోలేకపోతున్నాను.

ఫొటోలు బోలెడు పెట్టారు, అన్నిట్లోనూ తళతళలాడుతోంది. ఒక్క ఫొటో దగ్గర మాత్రం అనుమానం వచ్చింది. డ్రైవరు వైపు తలుపు మూసి ఉంది. తలుపుకీ బాడీకీ మధ్య సందు పైన సన్నగా, కిందకొచ్చేసరికి వెడల్పుగా ఉంది. రెండో వైపు తలుపుకి అలా లేదు. ఇది పట్టించుకోవాల్సిన విషయమేనా? ఇంకా ఏమేం చూడాలి? పెద్దాడికి ఎనిమిదేళ్ళు, పాపకి రెండేళ్ళు. నలుగురం కలిసి ఆదివారాలు తిరగాలని ఆశ.

బర్మింగ్‌హామ్_బండి:

ముందు పిల్లల సంగతి చెప్తాను, ఎందుకంటే అది ఇక్కడ బ్రిటన్‌లో చట్టం. ఆ కాలపు బళ్ళకి సీటు బెల్టులు రాలేదు. బెల్టుల్లేని బండిలో మూడేళ్ళ లోపు పిల్లల్ని ఎక్కించకూడదు. మూడేళ్ళు దాటితే వెనక సీట్లోనే కూర్చోబెట్టాలి. అంటే బాబు వెనక కూర్చోవచ్చు, పాప ఆగాలి. తర్వాత బెల్టులు పెట్టించిన బండి అయితే అవి దేనికి బిగించారో అడగండి. చెక్కకి బిగించిన బెల్టు ఉన్నా లేనట్టే.

కాగితాల సంగతి తేలికే. 40 ఏళ్ళు దాటిన బండికి రోడ్డు ట్యాక్సు సున్నా. అయినా ఏటేటా అప్లై చేయాలి. పెద్ద మార్పులు చేయకుండా ఉంటే 2018 మే నుంచి ఎంఓటీ, అంటే ఏటేటా చేయించే బండి తనిఖీ కూడా అక్కర్లేదు. అక్కర్లేకపోయినా కొనేముందు ఒకటి చేయించమని అడగండి. బ్రేకుల సంగతి తెలిసిన మూడో మనిషి బండి కింద దూరి చూస్తాడు, మనకి కావాల్సింది అదే. పాత ఎంఓటీల చిట్టా ప్రభుత్వం సైట్‌లో నంబరు కొడితే ఉచితంగా వస్తుంది. మైలేజీ ఏటా ఎలా పెరిగిందో అందులో చూడండి. ఏళ్ళ తరబడి కదలని బండికి తిరిగే బండి కన్నా జబ్బులెక్కువ.

పెట్రోలు ఈ5 పోయించండి, అంటే బంకులో సూపర్ అని ఉండేది. మామూలు దాంట్లో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరు పైపుల్ని తినేస్తుంది. ఇన్సూరెన్సు మాత్రం ముందే ఒప్పుకున్న విలువకి తీసుకోండి. లేకపోతే రేపు ఏదన్నా జరిగినప్పుడు వాళ్ళు చెప్పిందే ధర.

తలుపు సంగతి నాకు తెలియదు. చిత్రిక గారు ఇక్కడే ఎక్కడో ఉండాలి.

చిత్రిక:

ఇక్కడే ఉన్నానండీ. ఆ తలుపు ఫొటో పెద్దది చేసి చూశాను. పట్టించుకోవాల్సిన విషయమే. నన్నడిగితే మొత్తం ప్రకటనలో చూడాల్సింది ఆ ఫొటో ఒక్కటే.

నేను చేసే పని ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మా నాన్న తణుకు దగ్గర తలుపులూ కిటికీలూ చేసేవారు. నేను చదువుకి కోవెంట్రీ వచ్చి, పాత బళ్ళ చెక్క చట్రాలు కట్టే షాపులో చేరి, అందులోనే ఉండిపోయాను. ఇలాంటి బళ్ళని రేకు విప్పి లోపల చూడ్డమే నా రోజువారీ పని.

ఈ బండి ఇద్దరు చేసింది. ఛాసిస్ (బాడీని మోసే కింది ఇనప చట్రం), ఇంజను, గేర్‌బాక్సు ఆల్విస్ వాళ్ళవి, కోవెంట్రీ హోలీహెడ్ రోడ్డులో తయారయ్యాయి. 1940 నవంబరు 14 రాత్రి బాంబులకి వాళ్ళ కార్ల ఫ్యాక్టరీ ధ్వంసమైపోయింది. యుద్ధం అయ్యాక మళ్ళీ మొదలుపెట్టి, టీఏ 14 తర్వాత 1950లో ఈ టీఏ 21 తెచ్చారు. బాడీలు మాత్రం బయట కట్టించారు. సెలూన్లు, అంటే కప్పు దించలేని రకం, బర్మింగ్‌హామ్‌లోని మల్లినర్స్‌కి, డ్రాప్‌హెడ్‌లు మీ పక్క ఊళ్ళో టిక్‌ఫర్డ్‌కి. ఆ టిక్‌ఫర్డ్ ఎవరో కాదు, గుర్రబ్బళ్ళ కాలం నుంచీ న్యూపోర్ట్ ప్యాగ్నెల్‌లో ఉన్న సాల్మన్స్ అండ్ సన్స్. టాపు కట్టడంలో వాళ్ళని మించినవాళ్ళు తక్కువ.

ఇద్దరి పనిలో ఇంజనీర్ల పని నిలుస్తుంది. ఆ 2,993 సీసీ ఇంజను మొండిది. ఆయిలు మారుస్తూ ఉంటే దాని జోలికి వెళ్ళక్కర్లేదు. ఒకవేళ పాడైనా కెనిల్‌వర్త్‌లో రెడ్ ట్రయాంగిల్ వాళ్ళున్నారు. ఆల్విస్ 1967లో కార్లు మానేశాక విడిభాగాలూ రికార్డులూ తీసుకుని నడుపుతున్నది వాళ్ళే. 1952 బండికి ఇంత తేలిగ్గా సామాను దొరకడం అదృష్టం. కాబట్టి ఇంజను గురించి భయపడకండి.

పోయేది చెక్క. రేకు కింద మొత్తం యాష్ కలప చట్రం. తలుపుల చట్రం, తలుపు వేలాడే నిలువుబద్ద, గడియ పడే నిలువుబద్ద, కాళ్ళ కింద పొడుగునా వెళ్ళే అడుగుబద్ద, వెనక చక్రాల మీద వంపులు, అద్దం పైన టాపు ఆనుకునే అడ్డబద్ద. అన్నీ యాష్ ముక్కలే, కుసీ బెజ్జం పెట్టి, అంటే ఒకదాని కొస రెండోదాని బెజ్జంలో దూర్చి, స్క్రూలు దించి కట్టినవి. యాష్‌ని ఎందుకు వాడతారంటే, వంగుతుంది, స్క్రూని గట్టిగా పట్టుకుంటుంది, రోడ్డు అదురుకి చీలదు. కానీ మన టేకుకి ఉన్న చేవ దానికి లేదు. చెమ్మ తగిలి ఆరకుండా ఉంటే ఇక అంతే. రేకు అంచుని చెక్క మీదకి మడిచి మేకులు కొడతారు. ఆ మడతలో నీళ్ళు నిలుస్తాయి. మేకు తుప్పు పడుతుంది, మేకు చుట్టూ చెక్క నల్లబడుతుంది, పట్టు వదిలేస్తుంది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది.

సెలూన్ అయితే పైకప్పు కొంత బరువు మోస్తుంది. డ్రాప్‌హెడ్‌కి ఆ దన్ను లేదు. నిలువుబద్ద అడుగు భాగం పుచ్చితే తలుపు బరువుకి అది పక్కకి వాలుతుంది. అప్పుడు సందు ఒక చివర మూసుకుని ఇంకో చివర తెరుచుకుంటుంది. మీ ఫొటోలో కనిపించేది ఇదేనని నా అనుమానం. బందులు అరిగినా అలాగే అవుతుంది, అది చిన్న పని. రెండిట్లో ఏదో అక్కడే తేల్చుకోవాలి.

ఎలాగో చెప్తాను. తలుపు సగం తెరిచి, గడియ ఉన్న అంచుని కింద నుంచి రెండు చేతులతో పట్టుకుని మెల్లగా పైకెత్తండి. చూపు మాత్రం బందుల మీద ఉంచండి. బందు పిన్ను దగ్గర ఆడితే పిన్ను అరిగింది. బందు కదలకుండా, బందు బిగించిన రేకూ చెక్కా కలిసి కదిలితే లోపల చెక్క పోయింది. పక్కన ఎవరన్నా టార్చి పట్టుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది. తర్వాత అదే తలుపు కింద తివాచీ ఎత్తి నిలువుబద్ద అడుగుబద్దలో దిగే చోట వేలితో నొక్కండి. మంచి యాష్ గోటికి లొంగదు. పుచ్చినది మెత్తగా, చల్లగా తగులుతుంది, నెమ్ము వాసన వేస్తుంది. దబ్బనంతో గుచ్చి చూడొచ్చు గానీ అమ్మేవాళ్ళని అడక్కుండా వద్దు. వద్దంటే ఎందుకు వద్దంటున్నారో ఆలోచించుకోండి.

వెనక సీటు ఎత్తించండి. మడిచిన టాపు కూర్చునే గుంట దగ్గర నీళ్ళు దిగి చక్రాల వంపుల మీద చేరతాయి. అది ఎవరూ ఫొటో తీయని చోటు.

అయస్కాంతం జేబులో వేసుకెళ్ళండి, పలచని గుడ్డ చుట్టి. ఉక్కు రేకు ఉన్న చోట తలుపు కింది అంచుల వెంట జరపండి. పట్టు వదిలితే అక్కడ పుట్టీ ఉన్నట్టు. అల్యూమినియం రేకు ఉంటే ఇది పనిచేయదు, వేళ్ళతో తట్టి శబ్దం వినాలి.

ఇక టాపు. దీనికి మూడు స్థితులు. పూర్తిగా మూయొచ్చు, పూర్తిగా దించొచ్చు, ముందు సగం చుట్టి వెనక సగం అలాగే నిలబెట్టొచ్చు. ఆ మూడోదే టిక్‌ఫర్డ్ అందం. వెనక కూర్చున్నవాళ్ళకి నీడ, ముందు కూర్చున్నవాళ్ళకి ఆకాశం. మూడూ మీ చేతులతో చేసి చూడండి, వాళ్ళు చేసి చూపిస్తే సరిపోదు. మూసేటప్పుడు అడ్డబద్ద అద్దం చట్రం మీద తనంత తాను కూర్చోవాలి. గుద్ది కూర్చోబెట్టాల్సి వస్తే, బట్ట బిగుసుకుపోయి అయినా ఉండాలి, బాడీ వాలిపోయి అయినా ఉండాలి. టాపు ఎత్తి ఉన్నప్పుడు తలుపు సందులు చూడండి, దించాక మళ్ళీ చూడండి. తేడా వస్తే కారణం టాపు కాదు, కింద చట్రం.

కాగితాల్లో నేను అడిగేది ఒక్కటే: రేకు విప్పి ఉన్నప్పుడు తీసిన ఫొటోలు. కొత్త యాష్ తెల్లగా కనబడాలి. పాత ముక్కకి కొత్త ముక్క ఏటవాలుగా కోసి అతికితే మంచి పని. పుచ్చిన చోట రెసిన్ పోసి, ఫైబర్ గుడ్డ చుట్టి, మీద రంగేసినది పని కాదు. బిల్లుల్లో చెక్క పని ఎవరు చేశారు, ఏ ఏడు చేశారు చూడండి. రంగుకీ తోలుకీ వేలు పోసి, చెక్కకి ఒక్క బిల్లూ లేకపోతే ఆ బండిని ఫొటో కోసం చేశారు. పూర్తి చట్రం మళ్ళీ కట్టాలంటే వందల గంటల పని. ఇంజను, బ్రేకులు, క్రోమ్ అన్నీ కలిపినా దాని ముందు దిగదుడుపే.

మిగతావి క్లుప్తంగా: బండి మీరు వెళ్ళేసరికి చల్లగా ఉండాలి, ముందే వేడి చేసి ఉంచొద్దని ఫోన్‌లోనే చెప్పండి. నడిపి బాగా వేడెక్కాక ఆయిలు ప్రెషరు ఎంత నిలుస్తుందో, నీళ్ళ వేడి ఎక్కడ ఆగుతుందో చూడండి. ఛాసిస్ నంబరూ ఇంజను నంబరూ ఫొటో తీసి రెడ్ ట్రయాంగిల్ వాళ్ళని అడిగితే ఫ్యాక్టరీ రికార్డుతో సరిచూస్తారు. ఆల్విస్ ఓనర్ క్లబ్బు 1951 నుంచీ ఉంది. ఈ బండిని ఎరిగినవాళ్ళు అందులో ఒకరైనా ఉంటారు, అడగండి.

ఓనరు తరఫున అమ్మిపెడుతున్నామన్నారు కదా, బిల్లు ఎవరి పేరున ఇస్తారో అడగండి. డీలరే అమ్మితే 2015 వినియోగదారుల చట్టం మీకు అండగా ఉంటుంది. ప్రైవేటు మనిషి అమ్మినట్టయితే వాళ్ళు చెప్పిందీ బండీ ఒకటేనా అన్నంత వరకే. "పూర్తిగా రీస్టోర్" అన్న ఆ ప్రకటన పేజీని ఇప్పుడే దాచుకోండి.

పాతమలక్‌పేట:

హైదరాబాద్ నుంచి రాస్తున్నా. ఒక సందేహం. అదే డబ్బుకి బెంట్లీ మార్క్ సిక్స్ స్టాండర్డ్ సెలూన్ వస్తుంది కదా. అది మొత్తం ఉక్కు బాడీ, చెక్క గొడవ లేదు. పేరు కూడా పెద్దది. రేపు అమ్ముకోవాలన్నా తేలిక. ఈ ఆల్విస్ పేరు మనవాళ్ళలో ఎంతమందికి తెలుసు?

చిత్రిక:

మార్క్ సిక్స్ గొప్ప బండే, కాదనను. క్రూలో ఫ్యాక్టరీయే బాడీతో సహా పూర్తి చేసి అమ్మిన మొదటి బెంట్లీ అది. కానీ ఆయనకి కావాల్సింది టాపు దించుకునే బండి. అదే బెంట్లీ మీద డ్రాప్‌హెడ్ అంటే ఏదో ఒక కోచ్‌బిల్డరు, అంటే టిక్‌ఫర్డ్ లాంటి బాడీలు కట్టే షాపు కట్టినదే, ధర ఎక్కడికో పోతుంది. ఉక్కు బాడీకి చెక్క పుచ్చదు నిజమే, తుప్పు పడుతుంది. అది కూడా లోపల్నుంచే.

పేరు సంగతికొస్తే, ఆ రోజుల్లో ఇలాంటి బండి ఇక్కడ కొనడమే కష్టం. 1947 నుంచి అసలు ధర వెయ్యి పౌండ్లు దాటిన కారు మీద మూడింట రెండు వంతులు పన్ను వేశారు. అయినా ఆల్విస్ నాణ్యత తగ్గించలేదు. వాళ్ళని దెబ్బ కొట్టింది వేరే. 1954, 55 ప్రాంతంలో మల్లినర్స్‌ని స్టాండర్డ్ ట్రయంఫ్ కార్ల కంపెనీ వాళ్ళు పూర్తిగా తమకే కట్టేసుకున్నారు, టిక్‌ఫర్డ్‌ని ఆస్టన్ మార్టిన్ ఓనరు డేవిడ్ బ్రౌన్ కొనేశాడు. ఛాసిస్ చేతిలో ఉంది, బాడీ కట్టేవాడు లేడు. చివరికి స్విట్జర్లాండ్‌లోని గ్రాబర్ అనే బాడీలు కట్టే ఆయన డిజైన్లు పట్టుకుని నిలబడ్డారు. అంత మంచి ఇంజను ఉన్న కంపెనీకి అలా జరగడం నాకు ఇప్పటికీ బాధే. ఇలాంటి బళ్ళు నిలవాలని నేను గట్టిగా కోరుకునేది అందుకే.

మిల్టన్‌కీన్స్_వాసి:

వెళ్ళొచ్చాను. చిత్రిక గారూ, మీరు చెప్పినట్టే చేశాను, మా తమ్ముడు టార్చి పట్టుకున్నాడు.

ఇంజను చల్లగానే ఉంది. ఒక్క తిప్పుకే అందుకుంది. నడిపి వచ్చాక కూడా ఆయిలు ముల్లు గట్టిగా నిలబడింది. గేర్లు మెత్తగా పడుతున్నాయి. టాపు మూడు రకాలుగానూ నేనే పెట్టాను. అడ్డబద్ద దానంతటదే కూర్చుంది. ఎడమ తలుపు ఎంత ఎత్తినా కదల్లేదు.

డ్రైవరు వైపు ఎత్తాను. బందు పిన్ను ఆడలేదు. బందు కింది పలక, దాని వెనక రేకు, రెండూ కలిసి కాస్త కదిలాయి. తివాచీ ఎత్తి నొక్కితే నిలువుబద్ద అడుగున ఒక బెత్తెడు మేర మెత్తగా ఉంది, అక్కడ స్క్రూ తల నల్లగా ఉంది. దాని పైన నొక్కితే గట్టిగా తగిలింది. వెనక సీటు ఎత్తడానికి ఒప్పుకున్నారు. వంపులు రెండూ పొడిగా ఉన్నాయి, కుడివైపు ఒక కొత్త ముక్క ఏటవాలుగా అతికి ఉంది, చాలా శుభ్రంగా.

ఫైల్లో చెక్క పని బిల్లు 1994ది. రేకు విప్పిన ఫొటోలు ఉన్నాయి, కానీ అన్నీ వెనక భాగానివే. రంగూ తోలూ 2019లో. బిల్లు డీలరు పేరునే ఇస్తామన్నారు. నంబర్లు రెడ్ ట్రయాంగిల్‌కి పంపాను. దబ్బనం మాత్రం ముందు వద్దన్నారు, తర్వాత ఓనర్ని అడిగి చెప్తామన్నారు.

నాకు బండి చాలా నచ్చింది. వదులుకోవాలా, బేరం ఆడాలా?

చిత్రిక:

వదలొద్దు, తొందరపడొద్దు.

మీరు చెప్పినదాన్ని బట్టి 1994లో వెనక చట్రం మంచి చేతులు చేశాయి. ముందు నిలువుబద్దల జోలికి పోలేదు, లేదా పోయినా ఫొటో లేదు. ఇప్పుడు తేలాల్సింది ఒక్కటే: ఆ మెత్తదనం నిలువుబద్ద పాదంతో ఆగిందా, కింద అడుగుబద్దలోకి దిగిందా. పాదంతో ఆగితే తలుపు విప్పి, రేకు అంచు తెరిచి, కింది భాగం కోసి కొత్త యాష్ అతకొచ్చు. రంగు కొంత మళ్ళీ వేయాలి, ఆ ఆకుపచ్చ కలవడం కష్టం, అందుకని ఆ పక్క మొత్తం వేయాల్సి రావచ్చు. ఆ ఖర్చంతా ధరలోంచి తీసేయమని అడగండి, అది న్యాయమే. అడుగుబద్దలోకి దిగితే మాత్రం ఇది ఆ ధర బండి కాదు. పొడుగునా తెరిచేదాకా ఎంత పోయిందో నేను కూడా చెప్పలేను.

దబ్బనానికి ఒప్పుకోకపోయినా ఇంకో దారుంది. బండి లిఫ్టు మీద ఎక్కించమనండి. తలుపు కింద, ఛాసిస్‌కి బాడీ బిగించే బోల్టుల దగ్గర అడుగుబద్ద కింది ముఖం కనబడుతుంది. దాని మీద తారు లాంటి నల్ల పూత కొత్తగా పూసి ఉంటే గీకి చూడకుండా నమ్మొద్దు. బోల్టు వాషరు చెక్కలోకి దిగిపోయి ఉందేమో చూడండి. గట్టి చెక్కలోకి వాషరు దిగదు. రెండు వైపులా ఒకే చోట ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి. ఎడమవైపు బాగుంది కాబట్టి దాంతో పోల్చి చెప్పగలను.

అడ్వాన్సు ఇవ్వాల్సి వస్తే తిరిగిచ్చే షరతు రాతపూర్వకంగా తీసుకోండి, అందులో "కుడివైపు అడుగుబద్ద తనిఖీ అయ్యాక" అన్న మాట ఉండాలి. శనివారం నాకు ఖాళీ. లిఫ్టు దొరికితే చెప్పండి, కోవెంట్రీ నుంచి నేనే వస్తాను.

మిల్టన్‌కీన్స్_వాసి:

శనివారం పదకొండింటికి లిఫ్టు ఇస్తామన్నారు. అడ్రసు మీకు విడిగా పంపాను. భోజనం మా ఇంట్లోనే.